చంద్రగిరిలో దిగండి

"ఒక్క ఇంటికి పన్నెండు వందల గదులుంటే, ఊడ్చేది ఎవురు మే?"

పక్కింటక్క గోడ అవతల నుంచి అడిగింది. నేను చేతిలో చీపురు అక్కడే పెట్టి గోడ దగ్గరికి పోయాను. అక్క కొడుకు నేపుల్స్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. అక్క అక్కడికి పోయి, మొన్ననే బంగారుపేటకు తిరిగొచ్చింది. వచ్చిన రోజు నుంచి మా వీధిలో ఎవరు కనపడినా ఆమెను ఆపి అడిగేది ఒకటే: ఏం చూస్తివి, ఏం తింటివి? ఎదురింటి అవ్వకైతే పూటకొక కథ కావాలి. ఆ పొద్దు కూడా మెట్ల మీద కూచొని చిక్కుడుకాయలు ఒలుస్తా చెవి మాత్రం మా వైపే పెట్టింది.

అక్క చెప్పేది కసేర్తా ఊరి సంగతి. నేపుల్స్‌లో రైలెక్కితే గంట కూడా పట్టదంట. స్టేషన్ బయటికొస్తే ఎదురుగా రాజమహలే. దాన్ని కట్టించింది నేపుల్స్ రాజు చార్లెస్. పునాదిరాయి వేసింది 1752 జనవరి 20న, అది ఆయన పుట్టినరోజు. గీసి కట్టిన వాస్తుశిల్పి పేరు లుయీజి వాన్వితెల్లి. ఐదంతస్తులు, లోపల నాలుగు పెద్ద అంగణాలు, 34 మెట్లవరసలు, 1742 కిటికీలు. పెద్ద మెట్లవరసకే వందకు పైగా మెట్లు, పక్కన రాతి సింహాలు. అక్క మోకాళ్ళ నొప్పితో కూడా అవన్నీ ఎక్కిందంట.

"ఒక రాజుకు అన్ని గదులు ఏలమ్మా?" అవ్వ అడిగింది.

"రాజొక్కనికే కాదవ్వా. కచేరీలు, దండు, గ్రంథాలయం, నాటకశాల, గుడి, అన్నీ ఒకే కప్పు కింద ఉండల్లని. నేపుల్స్ సముద్రం ఒడ్డు కదా. ఓడల మీంచి ఫిరంగులు పేలిస్తే దెబ్బ రాజమహలుకే తగులుతాది. అందుకని ఊరు విడిచి లోపలికొచ్చి కట్టించినాడు."

ఇంతా చేసి ఆ చార్లెస్ రాజు అందులో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. 1759లో స్పెయిన్ సింహాసనం దక్కితే అక్కడికి వెళ్ళిపోయాడు. వాన్వితెల్లి 1773లో పోయాడు, మిగతా పని కొడుకు కార్లో నెత్తిన పడింది. బంగారు పూత పూసిన సింహాసనం గది ముగిసేటప్పటికి 1845 వచ్చింది. పునాది వేసినవాళ్ళ మునిమనవళ్ళ కాలం అది. ఆ రాళ్ళు మోసినవాళ్ళలో జైలు ఖైదీలు, ఓడల మీద పట్టుకొచ్చిన బానిసలు కూడా ఉన్నారు. ఇది విన్నాక అవ్వ చిక్కుడుకాయ ఒలవడం ఆపేసింది. ఆమె మామ కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్), ఛాంపియన్ రీఫ్‌లో భూమి కింద పని చేసినాయన. పైన బంగారం మెరుస్తుంటే కింద ఎవరి ఊపిరితిత్తులు దుమ్ము మింగుతాయో కేజీఎఫ్‌తో సంబంధమున్న ఏ ఇంట్లోనూ ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ గనుల్లో కొన్నాళ్ళు ఇటలీ నుంచి వచ్చిన మనుషులూ పని చేశారు. మన రైలు కొమ్మ మారికుప్పం దాకా పోయేది ఆ గనుల కోసమే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక కూడా ఆ బండి పొద్దునా సాయంత్రం మనుషుల్ని పనులకు మోస్తూనే ఉంది, ఈసారి బెంగళూరు వైపు.

బొమ్మల కొలువు సంగతి అక్క మురిసిపోతా చెప్పింది. కసేర్తా మహలులో యేసు పుట్టుకను చూపించే పెద్ద కొలువుంది. సంతలో కూరగాయలమ్మేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు, వాయిద్యాలవాళ్ళు, చిన్న చిన్న బుట్టల్లో వేలెడు పండ్లు. రాజు కొలువులోని ఆడవాళ్ళు కూచొని ఆ బొమ్మలకు బట్టలు కుట్టేవాళ్ళంట. మన దసరా కొలువులో కోమటి శెట్టి అంగడి పెట్టినట్టే ఉందని అక్క అంది. మైసూరు సీమలో పుట్టిన ఏ ఆడమనిషికైనా ఆ గదిలో కాళ్ళు ఆగిపోవాల్సిందే.

అయితే నాకు నిజంగా ఆసక్తి కలిగింది నీళ్ళ మాట దగ్గర.

మహలు వెనక తోటలో నీళ్ళు మూడు కిలోమీటర్ల పొడుగునా మెట్టు మెట్టుగా దిగొస్తాయి. కొండమీంచి పెద్ద జలపాతం, దాని కింద పాలరాతి బొమ్మలు, మళ్ళీ ఇంకో కొలను, మళ్ళీ ఇంకో ధార. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే అక్క కొడుకును అడిగిందంట: "ఈ నీళ్ళు యాడినుంచి వస్తాండాయి రా?" కోలారు జిల్లాలో పుట్టినవాళ్ళం కదా, మనం యాడికి పోయినా ముందు అడిగేది అదే. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా మనది. చెరువులు వేలల్లో తవ్వి పెట్టిపోయారు పెద్దలు. వాటిని పూడిపోనిచ్చి వెయ్యడుగులు దాటి బోర్లు వేసినవాళ్ళం మనం. 2018 నుంచి బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి కేసీ వ్యాలీ కాలువల్లో పంపితే మన చెరువులు నిండుతున్నాయి. అక్క కొడుకుకు ఆ ప్రశ్న కొత్తగా ఏం అనిపించలేదంట. వాడూ ఈ నీళ్ళ ట్యాంకర్ల కాలంలో పెరిగినవాడే.

కసేర్తా తోటకు ఆ నీళ్ళు వచ్చేది 38 కిలోమీటర్ల దూరం నుంచి. తబూర్నో కొండ కింది ఊటల దగ్గర పట్టి, ఎక్కువ భాగం భూమిలోపలే కాలువ తవ్వి తెచ్చారు. మధ్యలో ఒక లోయ అడ్డమొస్తే దాని మీద మూడంతస్తుల కమానుల వంతెన కట్టి, పైన నీళ్ళు పారించారు. వంతెన పొడుగు 529 మీటర్లు, ఎత్తు 55 మీటర్ల పైన. 1753లో మొదలుపెడితే 1762లో నీళ్ళు కసేర్తాకు చేరాయి. మహలు ముగియక ముందే నీళ్ళొచ్చేశాయన్నమాట. ఆ వాన్వితెల్లి మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే. మనమైతే లేఅవుట్ వేసి, సైట్లు అమ్మి, ఇళ్ళు కట్టి, గృహప్రవేశాలు చేసి, అప్పుడు కదా నీళ్ళకు వెతుక్కునేది. పైగా ఆ నీళ్ళు ఫౌంటెన్లకు మాత్రమే కాదు, దారిలో పిండిమరలు తిప్పాయి, పట్టు యంత్రాలు తిప్పాయి.

మనవాళ్ళకూ ఇలాంటి పని చేతనైంది. పాలారు మీద బేతమంగళం చెరువు దగ్గర నీళ్ళు పట్టి, శుద్ధి చేసి, కేజీఎఫ్ మొత్తానికి పైపుల్లో ఇచ్చారు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బేతమంగళం చెరువుకట్ట మీద నిలబడి ఈ మాట పిల్లలకు చెప్పేవాళ్ళు ఎంతమంది?

పట్టు దగ్గరికొచ్చేసరికి అక్క గొంతు పెంచింది. వాళ్ళ పుట్టింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. మల్బరీ ఆకు కోసి తట్టల్లో పరచడం, పురుగు పండాక చంద్రికెల మీదికి ఎత్తడం, గూళ్ళు మూట కట్టుకొని కోలారు మార్కెట్టుకు పోవడం, అన్నీ చేతులతో చేసినామె. కసేర్తా పక్కనే సాన్ లేవుచో అని ఒక ఊరు. చార్లెస్ కొడుకు ఫెర్దినాందు రాజు అక్కడ పట్టు నేతగాళ్ళకు ఊరే కట్టించాడు. 1789లో ఆ ఊరికి వేరే చట్టం రాయించాడు. పిల్లలకు ఆరేళ్ళు వస్తే బడి తప్పనిసరి. మశూచికి టీకా. పెళ్ళి పిల్లా పిల్లవాడి ఇష్టం, అమ్మానాన్నలు అడ్డుపడకూడదు.

"కట్నం లేదు మే! కట్నం ఇయ్యకూడదని చట్టంలోనే రాసినారు."

"ఎప్పుడు?"

"పదిహేడు వందల ఎనభై తొమ్మిదిలో."

అవ్వ ఒలిచిన గింజల గిన్నె పక్కన పెట్టి, "మనకు చట్టం వచ్చింది ఎప్పుడమ్మా?" అంది. 1961 అని నేను చెప్పాను. అవ్వ లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు ఊరుకుంది. ఆమెకు ముగ్గురు ఆడపిల్లలు. గోడకు రెండు పక్కలా కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. సాన్ లేవుచోలో ఆ మగ్గాలు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి, అక్క వాటి చెక్కను తడిమి చూసిందంట. పోగు లాగే తీరు మన సీమలో చూసినదే అంది.

పాల సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాకు పట్టు, పాలు, బంగారం అని పేరు కదా. కసేర్తా చుట్టూ ఎనుములే. ఎనుము పాలతో చేసే మొజరెల్లాకు ఆ జిల్లాదే పేరు. ఉప్పునీళ్ళలో తేలుతా ఉండే తెల్లటి ముద్ద, కోస్తే పాలు కారతాయి. అక్కకు మొదటిరోజు నచ్చలేదు. కారం చల్లుకొని తిన్నాక నచ్చిందంట.

ఇంకొక మాట అక్క కొడుకు చెబితే తెలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో మిత్రపక్షాల దండు కచేరీ ఆ రాజమహలులోనే పెట్టారు. ఇటలీలో ఉన్న జర్మన్ సేనలు లొంగిపోతూ సంతకం పెట్టింది 1945 ఏప్రిల్ 29న, ఆ గోడల మధ్యనే. ఆ యుద్ధంలో మనవాళ్ళున్నారు. బెంగళూరు అలసూరు చెరువు పక్కన ఉండే మద్రాస్ సాపర్లు, మన సీమ కుర్రాళ్ళు ఎందరో చేరే పటాలం, ఇటలీలో రోడ్లు వేసింది, వంతెనలు కట్టింది, మందుపాతరలు తీసింది. కసేర్తా జిల్లాలోనే మిఞ్ఞానో అనే చోట 1944 ఫిబ్రవరి 24న సుబేదార్ సుబ్రమణియన్ అనే తమిళ సైనికుడు, పక్కవాళ్ళను కాపాడ్డానికి పేలబోయే మందుపాతర మీద తానే పడిపోయి ప్రాణం ఇచ్చాడు. జార్జ్ క్రాస్ పొందిన మొదటి భారతీయుడాయన. మహలు చూడ్డానికి పోయే మనవాళ్ళు ఆయన పేరు కూడా తలుచుకోవాలని నా కోరిక.

ఇంతా విని నేను అన్నాను: "అక్కా, నేనూ ఒక రాజమహలు చూసొస్తిని, చంద్రగిరిలో."

"తిరపతి పక్కనేనా? బస్సులో పోతా బోర్డు చూసింటాను."

అదే నా బాధ. మన బంగారుపేట, కోలారు, ముళబాగిలు వాళ్ళు తిరుపతికి పోనివాళ్ళెవరు? నంగలి దాటి, పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు మీదుగా పోతాం. రైలైతే కుప్పం, జోలార్‌పేట, కాట్పాడి తిరుక్కొని పాకాల మీదుగా. ఎటు పోయినా తిరుపతికి ఓ పన్నెండు కిలోమీటర్ల ముందు చంద్రగిరి తగులుతుంది. అందరం బస్సులో నిద్రపోతుంటాం, లేకపోతే దర్శనం టోకెన్ల గురించి మాట్లాడుకుంటుంటాం.

చంద్రగిరి కథ విన్నాక అక్క "అట్లనా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కసేర్తా రాజు ఫిరంగులకు భయపడి సముద్రానికి దూరంగా జరిగితే, మన విజయనగర రాయలు శత్రువులకు దూరంగా జరిగి జరిగి చంద్రగిరి చేరారు. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు పోయాక హంపి పాడైంది. తిరుమలరాయలు పెనుకొండకు పోయాడు. అక్కడి మీదా దాడులు ఆగకపోతే వెంకటపతిరాయలు 1590ల్లో రాజధాని చంద్రగిరికి మార్చాడు. ఆ తర్వాత వేలూరు. చంద్రగిరి అప్పటికే పాత దుర్గం. సాళువ నరసింహరాయలు విజయనగర సింహాసనం ఎక్కక ముందు ఏలింది ఇక్కడినుంచే. ఆంగ్లేయులు 1639లో మద్రాసులో కోట కట్టుకోడానికి నేల ఇచ్చిన దామెర్ల నాయకులు ఈ చంద్రగిరి రాయల కింది వాళ్ళే. ఇంత పెద్ద చెన్నపట్నం వేరు తీస్తే ఆ చిన్న ఊరి దగ్గర తేలుతుంది.

ఇటలీ అక్కడికి కూడా వచ్చింది. 1598లో జెసూట్ పాదరీలు వెంకటపతిరాయల కొలువుకు వచ్చారు. ఆయన వాళ్ళను మర్యాదగా కూచోబెట్టాడు. కొన్నేళ్ళకు వేలూరు కొలువులో బర్తొలోమియో ఫోంతెబోనా అనే ఇటలీ చిత్రకారుడు రాయలకోసం బొమ్మలు గీశాడు. చార్లెస్ రాజు కసేర్తాలో పునాది వేయడానికి దాదాపు నూట యాభై ఏళ్ళ ముందు మాట ఇది. వేంకటేశ్వరుని భక్తుడైన రాజు పక్కన నిలబడి ఒక ఇటలీ మనిషి రంగులు కలుపుకోవడం నా కళ్ళకు కట్టినట్టుంటుంది.

చంద్రగిరి రాజమహలు దగ్గర నేను ఎక్కువసేపు చూసింది గోడలు. మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నం, అంతే. కప్పుకు ఒక్క దూలం కూడా కట్టెది లేదు, అంతా కమానుల మీద నిలబడింది. హంపిలో రాజుల ఇళ్ళు ఎందుకు కనపడవు? పైభాగం కట్టెతో కట్టారు. కాలిపోయాక రాతి అరుగులు మిగిలాయి. చంద్రగిరి మహలు నాలుగొందల ఏళ్ళు దాటినా నిలబడడానికి కారణం ఆ సున్నపు పనే. గోడలు ఎంత మందమంటే, తిరుపతి జిల్లా ఎండలో బయట కాళ్ళు కాలుతుంటే లోపల అరచెయ్యి గోడకు ఆనిస్తే చల్లగా తగులుతుంది. కమానులు చూస్తే సుల్తానుల తీరు, కప్పు మీద లేచిన శిఖరాలు చూస్తే మన గుడిగోపురాల తీరు. ఆ రెండు పనులూ తెలిసిన మేస్త్రీలు పక్కపక్కనే కూచొని కట్టారు. మొదటి అంతస్తులో కొలువు తీరే హాలు. అక్కడినుంచి వెనక కొండ, కొండమీద కోటగోడ కనపడతాయి.

ఇప్పుడు ఆ మహలులో పురావస్తు శాఖ మ్యూజియం పెట్టారు. గుడిమల్లం, గండికోట, యాగంటి వైపు నుంచి తెచ్చిన విగ్రహాలున్నాయి. పక్కనే రాణీమహలు, రెండంతస్తులది. పేరు రాణిదే గానీ నిజంగా రాణులున్నారా, దండు అధికారులున్నారా అన్న అనుమానం పండితులకుంది. కింది అంతస్తు చూస్తే గుర్రాల సాలలాగానే అనిపిస్తుంది నాకూ. కోట లోపల చెరువుంది. పాడుబడిన గుళ్ళున్నాయి. కొండ 180 మీటర్ల ఎత్తు, వాననీళ్ళు దానిమీంచి కిందికే రావాలి. ఈ చెరువు గట్టున నిలబడి కొండ వైపు చూస్తే రాజులు ఆ చోటు ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

తిరుమలలో స్వామికి నైవేద్యం అయ్యాక గంట కొడితే, ఒక మండపం నుంచి ఇంకో మండపానికి గంట అందుకుంటా చంద్రగిరి దాకా వినపడేదని, అప్పుడే రాయలు భోజనానికి కూచునేవారని చెప్పుకుంటారు. ఆ ఊరికి దగ్గర్లోనే శ్రీవారి మెట్టు దారి మొదలవుతుంది. నడిచి కొండెక్కాలనుకునేవాళ్ళకు ఇది దగ్గరి దారి.

"మనోళ్ళకూ ఆ కోటకూ సంబంధం ఉందా?" అవ్వ అడిగింది.

ఉంది. మన బంగారుపేట తాలూకా బూదికోటలో పుట్టిన హైదరాలీ 1782లో చంద్రగిరి పట్టుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో చిత్తూరు దగ్గర దండులో కన్నుమూశాడు. శవాన్ని ఈ దారినే కోలారుకు తెచ్చి, కొన్నాళ్ళు తండ్రి సమాధి దగ్గర ఉంచి, తర్వాత శ్రీరంగపట్నం తీసుకుపోయారు. మనం ఇప్పుడు తిరుపతి బస్సెక్కే దారి అదే. చంద్రగిరి 1792 దాకా మైసూరు వాళ్ళ చేతిలో ఉంది.

కసేర్తాకు 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడ టికెట్లకు వరస, ఫౌంటెన్ల దగ్గర వరస. చంద్రగిరిలో నేను పోయిన పూట తోటలో మనుషుల కంటే నెమళ్ళ అరుపులే ఎక్కువ. అక్కడ నీడ ఉంది, గడ్డి ఉంది, ముసలివాళ్ళు కూచోడానికి చోటుంది. ఇటలీ పోగలిగినవాళ్ళు పోండి, కసేర్తా తప్పకుండా చూడండి, నీళ్ళొచ్చే వంతెన దాకా పోండి. మంగళవారం మాత్రం మహలు మూస్తారు.

పోలేనివాళ్ళు ఈసారి కొండకు పోయేటప్పుడు ఒక్క పూట చంద్రగిరికి ఉంచుకోండి. పిల్లల్ని వెంట పెట్టుకోండి. గోడ మీద చెయ్యి పెట్టి చూడమనండి, దూలం ఎక్కడైనా కనపడుతుందేమో వెతకమనండి. నెత్తికి టోపీ, సీసాలో నీళ్ళు, పొద్దున్నే పోతే మేలు. శుక్రవారం మ్యూజియం ఉండదు, ఆ రోజు తప్ప ఎప్పుడైనా దిగండి.